లేబుల్ పెట్టే పనితనం

కృష్ణా తుంగభద్రలు కలిసే చోట, కూడవెల్లిలో ఉండిన సంగమేశ్వరాలయం ఇప్పుడు ఆలంపూర్‌లో ఉంది. చాళుక్యుల కాలపు కట్టడం అది. శ్రీశైలం జలాశయం ముంపులో పోవలసిన ఆ గుడిని పురావస్తు శాఖ రాయి రాయీ విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టింది. ఊరి పక్కనున్న పాపనాశి గుళ్లదీ అదే కథ. చూడవచ్చినవాళ్లు శిఖరాన్నీ గోడల మీది శిల్పాలనూ మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినవే. కానీ ఇలాంటి తరలింపులో కీలకమైన పని గుడి మీద గునపం పడకముందే జరిగిపోతుంది. ముందు కొలతలతో పటాలు గీస్తారు. ఆ తర్వాత ప్రతి రాయికీ నంబరు వేస్తారు. ఆ నంబరు చూడగానే రాయి ఏ గోడది, ఏ వరుసది, వరుసలో ఎన్నోది అన్నది తెలిసిపోవాలి. రాసిన మనిషి పక్కన లేకున్నా తెలియాలి. విప్పే మేస్త్రి ఒకరు, పేర్చే మేస్త్రి ఇంకొకరు కావచ్చు. మధ్యలో ఏళ్లు గడిచిపోవచ్చు. నంబరు తప్పితే ఎంత గొప్ప శిల్పమైనా కుప్పలో రాయే.

సాఫ్ట్‌వేర్‌లో దానితో పోల్చదగిన పనితనం నాకు ఒకచోట కనిపించింది. ఓపెన్ సోర్స్ కంపైలర్లకు వచ్చే బగ్ రిపోర్టుల మీద లేబుళ్లు పెట్టేవాళ్ల పని అది. దాని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమో నా కంటపడలేదు. మన గద్వాల, వనపర్తి, నల్లగొండ పిల్లలు ఇంజినీరింగ్ చదివి ఏ దేశం వెళ్లినా వాళ్లు రాసే ప్రతి ప్రోగ్రామూ ఏదో ఒక కంపైలర్ గుండానే పోతుంది. ఆ కంపైలర్ నమ్మకంగా ఉందంటే అందులో ఈ లేబుళ్ల వాటా చాలా పెద్దది.

కంపైలర్ సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మనిషి చదవగలిగే భాషలో రాసిన ప్రోగ్రామును యంత్రం నడపగలిగే ఆదేశాలుగా మార్చే ప్రోగ్రామే కంపైలర్. రిచర్డ్ స్టాల్‌మన్ 1987లో తొలిసారి విడుదల చేసిన జీసీసీ, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 2000లో క్రిస్ లాట్నర్, విక్రమ్ ఆద్వే మొదలుపెట్టిన ఎల్ఎల్‌విఎం, 2015 మేలో 1.0గా వచ్చిన రస్ట్, ఈ మూడూ ఇవాళ ఫోన్ నుంచి ఉపగ్రహం దాకా అన్నిటి అడుగునా ఉన్నాయి. మూడూ బహిరంగంగా తయారవుతాయి. లోపం కనిపిస్తే ఎవరైనా రిపోర్టు రాయవచ్చు. అందుకే వేలకొద్దీ రిపోర్టులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి. వాటిలో కొన్ని అమూల్యం, కొన్ని పొరపాటు, కొన్ని ఎప్పుడో ఎవరో చెప్పినవే.

ఆ కుప్పలోకి దిగి, ఒక్కో రిపోర్టు చదివి, నడిపి చూసి, ఇది ఫలానా రకం అని తేల్చే పనిని ట్రయాజ్ అంటారు. తేల్చిన దాన్ని ఒకటి రెండు మాటల్లో రాసి అంటిస్తే అదే లేబుల్. బయటినుంచి చూస్తే గుమాస్తా పనిలా ఉంటుంది. కొంచెం దగ్గరగా చూస్తే అభిప్రాయం మారుతుంది.

జీసీసీకి వచ్చే రిపోర్టుల చిట్టా పేరు బగ్‌జిల్లా. అందులో కీవర్డులనే మాటలు కొన్ని ఉన్నాయి. ‘ఐస్-ఆన్-వాలిడ్-కోడ్’ వాటిలో ఒకటి. కంపైలర్ పని మధ్యలో తానే కుప్పకూలితే దాన్ని ఇంటర్నల్ కంపైలర్ ఎర్రర్ అంటారు, కుదించి ఐస్. సరైన ప్రోగ్రాము ఇచ్చినా కూలిందంటే ఈ మాట పెడతారు. తప్పుల ప్రోగ్రాము ఇస్తే కూలిందా? అప్పుడు ‘ఐస్-ఆన్-ఇన్‌వాలిడ్-కోడ్’. ప్రోగ్రాములో తప్పుంటే కంపైలర్ చేయాల్సింది ఆ తప్పును చూపి ఆగడం, తాను పడిపోవడం కాదు. కాబట్టి ఇదీ లోపమే. కాకపోతే మొదటిదానంత తొందర లేదు, ఎందుకంటే ఆ ప్రోగ్రాము ఎలాగూ దిద్దుకోవలసిందే. ఇంకా సన్నని తేడా ఒకటుంది. కంపైలర్ తప్పును సరిగ్గానే చూపించింది, చూపించాక ముందుకు పోబోయి కూలింది. అప్పుడు ‘ఎర్రర్-రికవరీ’ అనే మాట చేరుతుంది. వాడుకరికి కావలసిన సమాచారం అందింది కదా, అందుకని ఇది వరుసలో ఇంకొంచెం వెనక్కి పోతుంది. ఈ మూడు సందర్భాల్లో ముగ్గురు వాడుకరులకూ తెర మీద కనిపించింది కంపైలర్ కూలడమే. ముగ్గురూ ఒకే రకంగా రిపోర్టు రాసి ఉంటారు. వాటిని మూడుగా విడదీసింది లేబుల్ పెట్టిన మనిషి చదువు.

సరైన ప్రోగ్రామును వద్దంటే ‘రిజెక్ట్స్-వాలిడ్’. తప్పు ప్రోగ్రామును రానిస్తే ‘యాక్సెప్ట్స్-ఇన్‌వాలిడ్’. ఈ రెండిట్లో ఏదో ఒకటి పెట్టాలంటే భాషా ప్రమాణం ఏం చెబుతోందో తెలిసి ఉండాలి. సీ++ ప్రమాణ గ్రంథం వెయ్యి పేజీలు దాటి ఎప్పుడో పెరిగింది. అందులోని ఏ వాక్యం ఈ ప్రోగ్రాముకు వర్తిస్తుందో పట్టుకున్నాకే ఆ రెండు మాటల్లో ఒకదాన్ని రాయగలరు. తీర్పు రాసేవాళ్లు చట్టం చదవకుండా రాయరు, ఇక్కడా అంతే.

వీటన్నిటిలోకీ భయపెట్టేది ‘రాంగ్-కోడ్’. ప్రోగ్రాము సరైనది, కంపైలర్ కూలలేదు, ఒక్క హెచ్చరికా లేదు. కానీ తయారైన యంత్రాదేశాలు తప్పు లెక్క చేస్తాయి. కూలిన కంపైలర్ కనీసం కూలానని చెబుతుంది. ఇది ఏమీ చెప్పదు. ఆ లెక్క బ్యాంకుదా, ఆసుపత్రి యంత్రానిదా అన్నది కంపైలర్‌కు తెలియదు. అందుకే ఈ మాట పెట్టేముందు ట్రయాజ్ చేసేవాళ్లు పడే జాగ్రత్త చూడదగ్గది. ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి నడుపుతారు. ఫలితం మారగానే కంపైలర్‌దే తప్పు అనేయరు. హెచ్చరికలన్నీ తెరిచి చూస్తారు. ‘ఎఫ్‌శానిటైజ్’ అనే ఆప్షన్‌తో ప్రోగ్రాము తానే ఏదైనా నియమం మీరిందా అని పరీక్షిస్తారు. నియమాలను కొంత సడలించే ‘ఎఫ్‌రాప్‌వి’, ‘నో-స్ట్రిక్ట్-ఎలియాసింగ్’ అనే ఆప్షన్లు పెట్టగానే తేడా మాయమైతే ప్రోగ్రామునే అనుమానిస్తారు. రిపోర్టు రాసేముందు వాడుకరులు ఈ పరీక్షలు చేసుకోవాలని జీసీసీ తన సూచనల్లోనే చెబుతుంది. చేసుకోకుండా వచ్చినవాటిని ట్రయాజ్ చేసేవాళ్లే ఓపికగా చేసి చూస్తారు.

ఈ జాగ్రత్త ఎందుకో చెప్పడానికి 2007 జనవరిలో వచ్చిన 30475 నంబరు రిపోర్టును మించిన ఉదాహరణ లేదు. ఒక ప్రోగ్రామర్ పూర్ణాంకానికి 100 కలిపి, వచ్చింది మొదటి సంఖ్య కంటే పెద్దదేనా అని పరీక్ష పెట్టాడు. 32 బిట్ల పూర్ణాంకానికి హద్దు 2,14,74,83,647. దాని దగ్గరి సంఖ్యకు 100 కలిపితే హద్దు దాటి రుణసంఖ్యగా తిరగబడుతుందనీ, తన పరీక్ష అప్పుడు ప్రమాదాన్ని పట్టుకుంటుందనీ అతని ఉద్దేశం. జీసీసీ ఆ పరీక్షనే పూర్తిగా తీసిపారేసింది. భద్రత కోసం పెట్టిన తనిఖీ కంపైలర్ చేతిలో మాయమైంది. అతనికి కోపం రావడం సహజం, ఆ కోపం రిపోర్టు నిండా ఉంది.

పైపైన చూస్తే ‘రాంగ్-కోడ్’ అనే అనిపిస్తుంది. కానీ సీ ప్రమాణంలో ధన, రుణ గుర్తు ఉన్న (సైన్డ్) పూర్ణాంకం హద్దు దాటితే ఏం జరగాలో నిర్వచనమే లేదు. దాటదన్న నమ్మకం మీదే కంపైలర్ పని చేయవచ్చు. దాటని సంఖ్యకు 100 కలిపితే పెరగక తప్పదు, కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడూ నిజమే, కాబట్టి దండగ. తర్కంలో లొసుగు లేదు. రిపోర్టుకు దక్కిన ముద్ర ‘ఇన్‌వాలిడ్’. సంఖ్యలు తిరగబడాలని కోరేవారికి ‘ఎఫ్‌రాప్‌వి’ ఆప్షన్ ఉంది, గుర్తు లేని (అన్‌సైన్డ్) పూర్ణాంకాలు వాడుకునే దారీ ఉంది.

ఆ ముద్ర సరైనదే అని నా అభిప్రాయం. అంత కోపం ఎదురుగా ఉన్నప్పుడు, అతని బాధలో నిజం ఉన్నప్పుడు, ఆ ముద్ర వేయడం తేలిక కాదన్నదీ నిజమే. లేబుల్ జాలితో పెట్టేది కాదు. జాలిపడి ‘రాంగ్-కోడ్’ అని రాసి ఉంటే, మరో ఇంజినీరు దాన్ని నమ్మి, లేని లోపాన్ని వెతుకుతూ వారాలు పోగొట్టుకునేవాడు. భాషా నియమమే ప్రమాదకరంగా ఉందన్న వాదన వేరు, దానికి వేరే వేదిక ఉంది. ఈ రెండిటినీ కలిపేయకుండా నిలబడటమే ఇక్కడి నైపుణ్యం.

అదే చిట్టాలో ఇంకొక ప్రసిద్ధమైన నంబరు 323. 2000 జూన్‌లో వచ్చిన రిపోర్టు. ఆప్టిమైజ్ చేసిన ప్రోగ్రాములో దశాంశ సంఖ్యల లెక్కలు వింతగా వస్తున్నాయన్నది ఫిర్యాదు. పాత ఇంటెల్ ప్రాసెసర్లలో దశాంశాల లెక్కలు చేసే ఎక్స్87 భాగం రిజిస్టర్లు 80 బిట్లవి. మెమరీలో ‘డబుల్’ సంఖ్యకు చోటు 64 బిట్లే. ఒకే లెక్కకు వచ్చిన ఫలితం ఒకసారి రిజిస్టర్లో ఉండిపోయి, ఇంకోసారి మెమరీకి పోయి తిరిగొస్తే చివరి అంకెలు తెగిపోతాయి. ఆ రెంటినీ పోల్చితే సమానం కావు. తనతో తాను సమానం కాని సంఖ్యను చూసిన ప్రతి ప్రోగ్రామరూ అదిరిపడి రిపోర్టు రాశాడు. ఒకరు ఒక రకం లెక్కలో చూశారు, ఇంకొకరు వేరే రకం లెక్కలో. ఏ రెండు రిపోర్టులూ ఒకలా ఉండవు. వాటిని ఒక్కొక్కటే చదివి, అడుగున ఉన్నది ఆ పాత 323 సంగతేనని గుర్తించి, ‘డూప్లికేట్’ అని ముద్ర వేసి ఆ నంబరుకు కలుపుతూ పోయారు. ఏళ్ల తరబడి కలిపారు. ఆ జాబితా పొడవు చూసి నివ్వెరపోని వాళ్లుండరు.

డూప్లికేట్ అనగానే పనికిరానిదని తీసిపారేసినట్టు చాలామంది నొచ్చుకుంటారు. నిజానికి ఒక్కో డూప్లికేటూ అసలు రిపోర్టుకు బలం ఇస్తుంది. ఎన్ని రకాల ప్రోగ్రాములను ఈ లోపం తాకుతోందో కనబడేది అక్కడే. జీసీసీ 4.5లో ఈ అదనపు బిట్ల సంగతిని ప్రమాణానికి కట్టుబడేలా చేసే ఆప్షన్ ఒకటి సీ భాషకు వచ్చింది. అప్పటికి రిపోర్టు వయసు దాదాపు పదేళ్లు. ఆ పదేళ్లూ సమస్య చెల్లాచెదురు కాకుండా ఒకే నంబరు కింద నిలిచిందంటే అది కలిపినవాళ్ల జ్ఞాపకశక్తి వల్లనే. జీసీసీ చిట్టాను కొంతకాలం చదివినవాళ్లకు ఆండ్రూ పిన్‌స్కీ పేరు పరిచయమే. కొత్త రిపోర్టు రాగానే ఇది ఎప్పటిదో పాతదానికి తోబుట్టువని చెప్పగల మనిషి. అలాంటి జ్ఞాపకం ఒక్కరోజులో రాదు, జీతంతో కొనలేం.

ఇక రస్ట్ వాళ్ల పద్ధతి. ఇక్కడ లేబుళ్లు వందలు. అయినా గందరగోళం లేదు, ఎందుకంటే ప్రతి లేబుల్ ముందూ ఒక అక్షరం ఉంటుంది. ‘ఎ’ అంటే కంపైలర్‌లో ఏ ప్రాంతం, ‘సి’ అంటే ఏ వర్గం, ‘ఐ’ అంటే ఎంత గట్టి సమస్య, ‘పి’ అంటే ప్రాధాన్యం, ‘ఓ’ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ‘టి’ అంటే ఏ బృందం చూడాలి, ‘ఇ’ అంటే చేయడానికి ఎంత అనుభవం కావాలి లేదా ఎలాంటి సాయం కావాలి. ఒక్కో కుటుంబానికి ఒక్కో రంగు. తెర మీద వరుసగా చూస్తే చదవకముందే కన్ను సగం పట్టేస్తుంది. ఏ కుటుంబానికా కుటుంబం ఒక్క ప్రశ్నకే జవాబు చెబుతుంది. గట్టి సమస్యా కాదా అన్నది ఒకటి, ఇప్పుడే చూడాలా అన్నది వేరొకటి. ఈ రెండూ ఒకటే అనుకునే పొరపాటు మన ఆఫీసుల్లో రోజూ చూస్తాం. రస్ట్ వాళ్లు వాటిని అక్షరంతోనే విడదీశారు. ‘ఐ-అన్‌సౌండ్’ అంటే భాష ఇచ్చిన భద్రత హామీకే గండి పడిందని. అంతకంటే గట్టి మాట లేదు. అయినా 2015 మేలో తెరిచిన 25860 నంబరు రిపోర్టు ఆ లేబుల్‌తోనే ఏళ్లకేళ్లు తెరిచి ఉంది. మామూలు ప్రోగ్రాములు ఆ గుంతలో పడే అవకాశం తక్కువ, పూడ్చాలంటే కంపైలర్ లోపలి పెద్ద భాగాన్ని మార్చాలి. తీవ్రతను దాచలేదు, లేని తొందరా నటించలేదు.

నాకు మరీ నచ్చినవి జంట లేబుళ్లు. ‘ఇ-నీడ్స్-ఎంసీవీఈ’ అని ఒకటుంది. లోపాన్ని చూపించే అతి చిన్న, పూర్తి ప్రోగ్రాము కావాలని దాని అర్థం. వాడుకరి యాభై వేల వరుసల ప్రాజెక్టు ఇచ్చి ఇందులో ఎక్కడో కూలుతోంది అంటాడు. ఎవరో వచ్చి ఒక్కో ఫంక్షన్ తీసేస్తూ, ఇంకా కూలుతోందా అని చూస్తూ, చివరికి పది పన్నెండు వరుసలకు దించుతారు. అప్పుడు ఆ లేబుల్ పోయి ‘ఎస్-హ్యాజ్-ఎంసీవీఈ’ వస్తుంది. అలాగే ‘ఇ-నీడ్స్-బైసెక్షన్’. నిన్న బాగున్నది ఇవాళ చెడితే, మధ్యలో జరిగిన మార్పుల్లో ఏది చెడగొట్టిందో సగానికి సగం కోస్తూ వెతకాలి. వెయ్యి మార్పులున్నా పది పరీక్షల్లో తేలిపోతుంది. తేలాక ‘ఎస్-హ్యాజ్-బైసెక్షన్’. ఒక లేబుల్ పని అడుగుతుంది, దాని జంట పని అయిందని చెబుతుంది. కంపైలర్ గుట్టుమట్లు తెలియని విద్యార్థి కూడా ఈ రెండు పనులూ చేయగలడు. నేర్పు, ఓపిక ఉంటే చాలు.

‘డి’ అక్షరంతో మొదలయ్యేవి కంపైలర్ ఇచ్చే సందేశాల గురించి. ‘డి-వర్బోస్’ అంటే సోది ఎక్కువైంది, ‘డి-టెర్స్’ అంటే మరీ పొడిపొడిగా ఉంది, ‘డి-ఇన్‌కరెక్ట్’ అంటే చెప్పిందే తప్పు. ‘డి-న్యూకమర్-రోడ్‌బ్లాక్’ అని ఒకటుంది. నిపుణులకు ఇబ్బంది లేదు, కొత్తగా నేర్చుకునేవాళ్లు మాత్రం ఇక్కడ ఆగిపోతారు అని దాని భావం. కంపైలర్ అందరికంటే తెలివైనదన్న అహంకారంతో నడిచే లోకంలో, కొత్తవాడు తడబడటాన్ని యంత్రం లోపంగా రాసుకునే చిట్టా ఒకటుందంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మన భాషతో ఒక్క ఉదాహరణ. 2021 జూన్‌లో వచ్చిన రస్ట్ 1.53 నుంచి వేరియబుల్ పేర్లు తెలుగు లిపిలోనూ పెట్టుకోవచ్చు. ఆలంపూర్‌లో ఒక విద్యార్థి ‘ఊరు’ అనే వేరియబుల్ పెట్టాడనుకుందాం. కంపైలర్ ఒప్పుకుంటుంది. తర్వాత ‘సాఫ్ట్‌వేర్’ అని ఇంకొకటి పెట్టాడు. ఎర్రర్! రెండూ తెలుగే కదా, ఒకటి నడిచి ఒకటి ఎందుకు నడవదు? రహస్యం కంటికి కనిపించదు. సాఫ్ట్‌వేర్‌లో టకారం కింద వ ఒత్తు పడకుండా ఉండటానికి మనం ఆ రెంటి మధ్య ఒక అదృశ్య అక్షరం టైపు చేస్తాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. పేర్లలో ఆ అక్షరం ఉండకూడదని రస్ట్ భాషా నియమావళిలోనే ఉంది.

ఇప్పుడు ఆ విద్యార్థి రిపోర్టు రాస్తే దానికి ఏ లేబుల్? ‘సి-బగ్’ అని పెట్టడానికి వీల్లేదు. కంపైలర్ నియమం ప్రకారమే నడిచింది. కొట్టిపారేయడమూ న్యాయం కాదు. కనిపించని అక్షరం మీద ఎర్రర్ వస్తే ఎవరికి అర్థమవుతుంది? నేనైతే ‘ఎ-యూనికోడ్’, ‘ఎ-డయాగ్నొస్టిక్స్’ పెడతాను, సందేశం చదివి అర్థం కాలేదంటే ‘డి-న్యూకమర్-రోడ్‌బ్లాక్’ చేరుస్తాను. తెలుగు, కన్నడం, పారశీకం లాంటి భాషలకు ఈ అక్షరం అవసరమే, నియమం సడలించండి అని అడగాలనుకుంటే అది భాషా బృందానికి చెందిన ప్రశ్న, ‘టి-ల్యాంగ్’ వైపు పోవాలి. ఒకే పిల్లాడి ఒకే ఫిర్యాదులో ఇద్దరు వేర్వేరు మనుషులు చేయవలసిన రెండు పనులున్నాయి. సరిగ్గా విడదీస్తే సందేశం బాగుపరిచే పని ఎవరో త్వరగా అందుకోగలరు, నియమం మార్చే చర్చ దాని తీరున సాగుతుంది. కలిపి ఉంచితే రెండూ జరగవు.

ఎల్ఎల్‌విఎం సంగతి కొంచెం వేరు. అది 2021 చివర్లో పాత బగ్‌జిల్లాను వదిలి గిట్‌హబ్‌కు మారింది. అక్కడ ‘మిస్‌కంపైలేషన్’, ‘క్రాష్-ఆన్-వాలిడ్’ లాంటి లేబుళ్లు జీసీసీ మాటలకు దాయాదులే. ‘జనరేటెడ్ బై ఫజర్’ అని ఒకటి మాత్రం ఈ కాలపు అవసరం. మనుషులు రాయని, యంత్రమే ఎడాపెడా పుట్టించిన ప్రోగ్రాముతో దొరికిన లోపమని దాని అర్థం. యూటా విశ్వవిద్యాలయంలో జాన్ రెగెర్ బృందం సీస్మిత్ అనే సాధనంతో ఈ దారిలో పెద్ద అడుగు వేసింది. మూడేళ్లలో 325కు పైగా కొత్త లోపాలను వివిధ కంపైలర్లలో పట్టి, 2011లో పత్రం ప్రచురించింది. అందులో వాళ్లు గర్వంగా చెప్పుకున్న విషయం ఒకటుంది. జీసీసీలో వాళ్లు చూపిన లోపాల్లో 25కు ‘పి1’ దక్కింది. పి1 అంటే అది తీరేదాకా కొత్త విడుదల ఆగుతుంది. యంత్రం పుట్టించిన ప్రోగ్రాములతో నిజమైన లోపాలు దొరుకుతాయా అన్న సందేహానికి ఆ అంకె గట్టి జవాబు. ఆ జవాబుకు విలువ రావడానికి కారణం, జీసీసీలో పి1ను చిల్లరగా పంచకపోవడం. కొత్త రిగ్రెషన్ పి3గా మొదలవుతుంది, దాన్ని పైకి కిందికీ జరిపేది విడుదల బాధ్యులు. అందరూ తమ రిపోర్టుకు పి1 పెట్టుకోగలిగితే పి1కి అర్థమే ఉండేది కాదు.

రిగ్రెషన్ అంటే మునుపు సవ్యంగా ఉండి కొత్త వెర్షన్‌లో చెడినది. జీసీసీలో అలాంటివాటి శీర్షిక ముందే చదరపు బ్రాకెట్లలో ‘13/14/15 రిగ్రెషన్’ అని రాస్తారు. ఏ వెర్షన్లలో లోపం ఉందో శీర్షికలోనే తెలిసిపోతుంది. ఒక వెర్షన్ శాఖలో సరిచేయగానే ఆ అంకెను చెరిపేస్తారు. ఏమాత్రం ఆర్భాటం లేని ఏర్పాటు. పాత వెర్షన్ వాడుతున్నవారికి మాత్రం ఆ అంకే ప్రాణం.

తెలంగాణకూ ఇందులో చోటుంది. సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో రామకృష్ణ ఉపద్రష్ట నడిపే కంపైలర్ పరిశోధన బృందం ఐఆర్‌టువెక్ అనే పద్ధతిని తయారుచేసింది. ప్రోగ్రాము మధ్యంతర రూపాన్ని, మెషీన్ లెర్నింగ్‌కు పనికొచ్చేలా, అంకెల వరుసలుగా మార్చే పద్ధతి అది. ఎస్. వెంకటకీర్తి, వై.ఎన్. శ్రీకాంత్ తదితరులతో కలిసి రాసిన పత్రం 2020లో వచ్చింది. 2025లో అది ఎల్ఎల్‌విఎం ప్రధాన స్రవంతిలో చేరింది. అక్కడ మార్పు ప్రతిపాదన ఏ ఫైలును తాకితే ఆ ఫైలును బట్టి లేబుల్ దానంతటదే పడుతుంది. మెషీన్ లెర్నింగ్ పనికి ‘ఎంఎల్‌జీఓ’ లేబుల్, విశ్లేషణ భాగానికి దాని లేబుల్ దానికి. ఇది యంత్రం బాగా చేసే పని, యంత్రానికే వదలడం సబబు. ఏ ఫైలు మారిందో చూడటానికి మనిషి అక్కర్లేదు. ఒక అపరిచితుడు రాసిన నాలుగు పేరాల ఫిర్యాదులో తప్పు కంపైలర్‌దా ప్రోగ్రాముదా, కొత్తదా పాతదా అన్నది తేల్చడానికి మాత్రం మనిషే కావాలి. కనీసం ఇప్పటికి.

లేబుళ్లన్నీ బాగున్నాయని అనను. ‘ఇ-ఈజీ’ అని పెట్టిన రిపోర్టు లోతుకు దిగాక కొండంత అవడం ఉంది. అలాంటి లేబుల్ నమ్మి వచ్చిన కొత్తవాడు తనకే తెలివి లేదనుకుని వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. తేలిక అన్న మాట రాసేముందు రాసేవాళ్లు దాన్ని ఎలా సరిచేయాలో తాము ఒకసారి మనసులో చేసి చూసుకోవాలి. ఏ ఫైలులో, ఏ ఫంక్షన్ దగ్గర మొదలుపెట్టాలో రెండు వాక్యాల్లో సూచించాలి. మంచి మెయింటెయినర్లు ఆ సూచన రాస్తారు. రాయని చోట ఆ లేబుల్ లేకపోవడమే మేలు. తీసేయాల్సినప్పుడు తీయని లేబుళ్లూ అంతే. సమాచారం కావాలని అడిగి, వాడుకరి ఇచ్చిన తర్వాతా ‘వెయిటింగ్’ అనే ఉంటే, జవాబిచ్చిన మనిషిని అవమానించినట్టే.

పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో కంప్యూటర్ సైన్స్ చదువుతున్న విద్యార్థులకు ఒక మాట. ఓపెన్ సోర్స్‌లో అడుగుపెట్టాలంటే పెద్ద కోడ్ రాయాలని మీకు చెప్పి ఉంటారు. ముందు ఈ పని చేసి చూడండి. జీసీసీలో ‘అన్‌కన్‌ఫర్మ్‌డ్’ అని ఉన్న రిపోర్టు ఒకటి తీసుకోండి. మాట్ గాడ్‌బోల్ట్ 2012లో మొదలుపెట్టిన కంపైలర్ ఎక్స్‌ప్లోరర్‌లో, బ్రౌజర్ నుంచే, ఆ ప్రోగ్రామును నాలుగైదు వెర్షన్లలో నడపండి. పాత ల్యాప్‌టాప్ అయినా సరిపోతుంది. ఎక్కడ నడిచింది, ఎక్కడ చెడింది రాసిపెట్టండి. ప్రోగ్రామును ఒక్క వరుస తగ్గించగలిగినా తగ్గించి జతచేయండి. తెలియనిది తెలియదనే రాయండి. ఇలా పది రిపోర్టులు చూసేసరికి భాష గురించి మీకు తెలిసేది పాఠ్యపుస్తకంలో దొరకదు.

జీసీసీలో లేబుల్ మార్చడానికి అనుమతి కావాలి, దానికి కొంతకాలం పడుతుంది. రస్ట్‌లో ఆ నిరీక్షణ లేదు. రిపోర్టు కింద రస్ట్‌బాట్‌ను పిలిచి ఫలానా లేబుల్ పెట్టమని ఒక్క వాక్యం రాస్తే అది పెడుతుంది. చాలా లేబుళ్లను గిట్‌హబ్ ఖాతా ఉన్న ఎవరైనా అలా అడగవచ్చు.